1977లో దిగువ కృష్ణా డెల్టా

దిగువ కృష్ణా డెల్టా అనగా కృష్ణా నది బంగాళాఖాతంలో కలిసే చోటికి సమీపంలో ఉన్న మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాలు. ఈ ప్రాంత చరిత్రలో 1977 సంవత్సరం ప్రధానంగా నవంబరు 19న సంభవించిన దివిసీమ ఉప్పెన వలన గుర్తుండిపోయింది. అదే సంవత్సరంలో అత్యవసర పరిస్థితి ముగియడం, లోక్‌సభ ఎన్నికలు, ఈ ప్రాంతానికి చెందిన నటుల చలనచిత్రాలు సాధించిన ఘనవిజయాలు వంటి ఇతర సంఘటనలు కూడా ఉన్నాయి. అయితే ఇక్కడి పెద్దలు ఇప్పటికీ వయస్సులను, పెళ్ళిళ్ళను "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరువాత" అని లెక్కించడం వినవచ్చు. తెలుగు పంచాంగం ప్రకారం ఆ సంవత్సరం మార్చిలో ఉగాదితో పింగళ నామ సంవత్సరం మొదలైంది.

ప్రాంతం, పాలన

1977 నాటికి మండలాలు లేవు. అవి 1985లో ఏర్పడ్డాయి. అప్పట్లో పాలన తాలూకాల వారీగా జరిగేది. బందరు, గుడివాడ, దివి తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రం మచిలీపట్నం. దివి తాలూకాకు కేంద్రం అవనిగడ్డ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా విడిపోయిన తరువాత కూడా ఈ మూడు ప్రాంతాలూ కృష్ణా జిల్లాలోనే మిగిలాయి.

దివి తాలూకా, దివిసీమ ఒకటి కావు. చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి వంటి ఊళ్ళు తాలూకాలోనివే గాని నదికి ఉత్తరపు గట్టున ఉన్నాయి. పులిగడ్డ వద్ద కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుగా సాగి హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ దక్షిణంగా పోయి మరల చిన్న పాయలుగా విడిపోతుంది. ఈ రెంటి మధ్య, మూడవ వైపున సముద్రంతో ఉన్న భూమియే అసలు దీవి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందులోని ముఖ్యమైన ఊళ్ళు. సముద్రం అంచున పాలకాయతిప్ప, సొర్లగొంది, గుల్లలమోద, నాచుగుంట, ఎదురుమొండి వంటి గ్రామాలున్నాయి. నేల నల్లరేగడి, ఒండ్రు. సముద్రమట్టం నుండి చాలా గ్రామాల ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు.

రవాణా విషయం ఇక్కడ చెప్పుకోవలసి ఉంది, ఎందుకంటే నవంబరులో జరిగినదానికి దీనితో సంబంధం ఉన్నది. గుడివాడ రైల్వే జంక్షను. మచిలీపట్నానికి కూడా రైలు ఉన్నది. దివిసీమకు రైలు అప్పుడూ లేదు, తరువాతా రాలేదు. బందరు, విజయవాడల వైపు నుండి దీవిలోకి ప్రవేశించడానికి పులిగడ్డ అక్విడక్టే ఆధారం. సాగునీటి కాలువను నది పాయమీదుగా దాటించేందుకు కట్టిన ఈ కట్టడం మీదనే బండ్లూ, బస్సులూ నడిచేవి. గుంటూరు జిల్లా రేపల్లె వైపునకు పోవాలంటే రేవు దాటవలసిందే. పులిగడ్డ - పెనుమూడి వారధి 2000ల దశకంలో గాని రాలేదు.

ఎన్నికలు

1977 జనవరి 18న ప్రధానమంత్రి ఇందిరా గాంధీ లోక్‌సభకు ఎన్నికలు ప్రకటించారు. ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరణించారు. పోలింగు మార్చి 16 నుండి 20 వరకు జరిగింది. ఓట్ల లెక్కింపు ఉగాది రోజులలోనే సాగింది. ఉత్తర భారతంలో కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోగా ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మచిలీపట్నం స్థానం కూడా వాటిలో ఒకటి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరపున నీలం సంజీవరెడ్డి గెలిచి, మార్చిలో లోక్‌సభ స్పీకరుగాను, జూలై 25న రాష్ట్రపతిగాను బాధ్యతలు స్వీకరించారు. మార్చి 21న అత్యవసర పరిస్థితి రద్దయింది. 24న మొరార్జీ దేశాయి ప్రధానమంత్రి అయ్యారు.

జనతా ప్రభుత్వం ఏప్రిల్‌లో తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దు చేయించింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. అందువలన జలగం వెంగళరావు మంత్రివర్గం కొనసాగింది. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకటకృష్ణారావు ఆ మంత్రివర్గంలో విద్యాశాఖ చూసేవారు. 1975లో హైదరాబాదులో జరిగిన మొదటి ప్రపంచ తెలుగు మహాసభల నిర్వహణలో ఆయన పాత్ర ప్రసిద్ధం. ఈ విధంగా నవంబరు నాటికి ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాదులో మరొక పార్టీ అధికారంలో ఉన్నాయి. శాసనసభ ఎన్నికలు 1978 ఫిబ్రవరిలో రావలసి ఉన్నాయి. విపత్తు ఈ రెండు ఎన్నికల నడుమ వచ్చింది.

సినిమాలు, రేడియో

తెలుగు చలనచిత్రరంగంలోని ఇద్దరు అగ్రనటులు ఈ ప్రాంతం వారే. నందమూరి తారక రామారావు జన్మస్థలం నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ సమీపంలోని రామాపురం. గుడివాడలోని కళాశాల అక్కినేని పేరుతోనే ఉన్నది. రామారావుకు 1977 అసాధారణమైన సంవత్సరం. సంక్రాంతికి, జనవరి 14న, ఆయన స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడూ ధరించిన దానవీరశూరకర్ణ విడుదలైంది. అందులో భీముడిగా నటించిన కైకాల సత్యనారాయణ గుడివాడ దగ్గరి కౌతారం వాస్తవ్యుడు. ఏప్రిల్ 28న అడవిరాముడు, అక్టోబరులో యమగోల వచ్చాయి.

అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. దాని ప్రసారాలు డెల్టాకు అందేవి కావు. ఇక్కడి పల్లెలకు వార్తలైనా, వ్యవసాయ కార్యక్రమాలైనా, వాతావరణ హెచ్చరికలైనా ఆకాశవాణి విజయవాడ కేంద్రం ద్వారా రావలసిందే. రేడియో సెట్టు మాత్రం ఊరికి కొన్ని ఇళ్ళలోనే ఉండేది.

నవంబరులో రెండు తుపానులు

ఆ సంవత్సరం నవంబరు 11న అమావాస్య. మరునాడే, 12వ తేదీన, ఒక తీవ్రమైన తుపాను తమిళనాడులోని నాగపట్నం సమీపంలో తీరం దాటి అక్కడ కొన్ని వందల మంది ప్రాణాలు తీసింది. పత్రికలు ఇంకా ఆ వార్తలతోనే నిండి ఉండగా, నవంబరు 14న ఆగ్నేయ బంగాళాఖాతంలో మరొక వాయుగుండం ఏర్పడింది. అది మొదట పశ్చిమ దిశగా కదిలింది. ఆ దారినే వస్తే దెబ్బ మరల దక్షిణ తీరానికే తగలాలి. 17వ తేదీ తరువాత అది ఉత్తర వాయవ్య దిశకు మళ్ళింది. అప్పటికే సముద్రంలో చిక్కుకున్న జగత్‌స్వామి అనే సరుకుల ఓడ తుపాను కేంద్రం గుండా ప్రయాణించి బయటపడింది. ఇది వాతావరణ శాస్త్రవేత్తలు తరువాత తరచుగా ప్రస్తావించిన అరుదైన సంఘటన.

అప్పట్లో మన తుపానులకు పేర్లు పెట్టే పద్ధతి లేదు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఆ పద్ధతి 2004లో మొదలైంది. అందువలన ఈ తుపాను ప్రపంచ గ్రంథాలలో "1977 ఆంధ్రా తుపాను" గాను, తెలుగునాట "దివిసీమ ఉప్పెన" గాను నిలిచిపోయింది.

నవంబరు 19, శనివారం

తుపాను 19వ తేదీ సాయంకాలం నిజాంపట్నం సమీపంలో తీరం దాటింది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాలలో పెనుగాలులు వీచాయి. గాలి వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్లు. గుడివాడ, బందరు ప్రాంతాలలో తాటాకు ఇళ్ళు, పెంకుటిళ్ళు, కొబ్బరి, అరటి తోటలు నేలమట్టమయ్యాయి. తంతి, విద్యుత్ స్తంభాలు కూలాయి. సార్వా వరి కోతకు వచ్చిన సమయం అది. కొన్నిచోట్ల పైరు చేలో, కొన్నిచోట్ల పనల మీద, కుప్పల మీద ఉన్నది.

గుడివాడ ప్రాంతానికి ఇది గాలివాన. దివిసీమకు జరిగినది వేరు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రపు నీరు కృష్ణా ముఖద్వారం మీదికి, మచిలీపట్నానికి దక్షిణంగా ఉన్న తీరం మీదికి వచ్చిపడింది. అది తీరం నుండి పది పదిహేను కిలోమీటర్ల వరకు లోపలికి చొచ్చుకొనిపోయింది. నీరు వచ్చిన వేగం ఎంతటిదంటే, సముద్రం ఒడ్డున ఉన్న గ్రామాలలో పరుగెత్తడానికి వ్యవధి లేకపోయింది. పరుగెత్తినా పోవడానికి ఎత్తైన చోటు లేదు. గాలికి భయపడి తలుపులు బిగించుకొని లోపల కూర్చున్నవారు ఇళ్ళతో సహా కొట్టుకొనిపోయారు. బ్రతికినవారిలో అనేకులు తాటిచెట్లను, తుమ్మచెట్లను పట్టుకొని, కూలిన ఇళ్ళ కప్పులమీద తేలుతూ, పక్కా భవనాల మీదకు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారే. పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఎక్కువగా మరణించడానికి కారణం ఇందులోనే ఉన్నది. చెట్టును గంటల తరబడి పట్టుకొని ఉండటానికి చేతులలో బలం కావాలి.

అదే రోజున ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్‌లోని జెరూసలేం చేరుకున్నారు. ప్రపంచ పత్రికల మొదటి పుటలు కొన్ని రోజులపాటు ఆ వార్తకే దక్కాయి. తంతి, టెలిఫోను తీగలు తెగిపోవడం వలన దీవిలో జరిగిన నష్టం అసలు పరిమాణం జిల్లా కేంద్రానికే వెంటనే తెలియలేదు. గాలి తగ్గిన తరువాత రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను నరుకుకుంటూ, పడవల మీద లోపలికి వెళ్ళినవారికి గాని సంగతి బోధపడలేదు. సైన్యం, హెలికాప్టర్లు రంగంలోకి దిగాయి.

ఉప్పెన ఎందుకు అంత ఎత్తుకు లేచింది

ఇంగ్లీషు పత్రికలు దీనిని "టైడల్ వేవ్" అని వ్రాశాయి. ఈ మాట సరియైనది కాదు. టైడ్ అంటే చంద్ర సూర్యుల ఆకర్షణ వలన కలిగే ఆటుపోట్లు. ఇవి అమావాస్య, పున్నమి రోజులలో ఎక్కువగాను, అష్టమి ప్రాంతంలో తక్కువగాను ఉంటాయి. నవంబరు 19 నాటికి అమావాస్య వెళ్ళి ఎనిమిది రోజులయింది, కార్తీక పున్నమి 25వ తేదీకి గాని రాదు. అంటే అది పోటు బలహీనంగా ఉండే సమయం. భూకంపం వలన పుట్టే సునామీతో కూడా దీనికి సంబంధం లేదు. 2004 డిసెంబరు 26న కృష్ణా జిల్లా తీరంలోనూ ప్రాణనష్టం కలిగించినది సునామీ. డెల్టా ప్రజలకు వరద, తుపాను, ఉప్పెన అని మూడు వేర్వేరు మాటలున్నాయి. తుపాను సముద్రాన్ని భూమి మీదికి నెట్టుకొని రావడమే ఉప్పెన. ఈ విషయంలో తెలుగు మాటే శాస్త్రానికి దగ్గరగా ఉన్నది.

ఉప్పెనకు రెండు కారణాలు. మొదటిది పీడనం. తుపాను కేంద్రంలో గాలి పీడనం తక్కువగా ఉండటం వలన అక్కడ సముద్రం కొద్దిగా ఉబ్బుతుంది. ఒక మిల్లీబారు పీడనం తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. 1977 తుపాను కేంద్రంలో పీడనం 940 మిల్లీబార్ల ప్రాంతానికి పడిపోయినట్లు అంచనా. సాధారణ పీడనం 1010 ప్రాంతంలో ఉంటుంది కనుక దీనివలన లేచిన నీరు ముప్పాతిక మీటరుకు లోపే. మిగిలిన నాలుగు మీటర్లకు పైబడిన ఎత్తు రెండవ కారణం వలన, అంటే గాలి తోపుడు వలన వచ్చింది.

ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు అపసవ్యంగా, అనగా గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా తిరుగుతాయి. కాబట్టి తుపాను తీరం దాటే చోటికి కుడివైపున గాలి సముద్రం నుండి భూమి మీదికి, ఎడమవైపున భూమి నుండి సముద్రం మీదికి వీస్తుంది. నిజాంపట్నం వద్ద నిలబడి తుపాను కదిలే దిక్కుకు ముఖం పెట్టి చూస్తే దివిసీమ కుడిచేతి వైపున ఉన్నది. తుపాను కన్ను పడినది గుంటూరు జిల్లాలో అయినా నీటి దెబ్బ తిన్నది కృష్ణా జిల్లా దీవి కావడానికి ఇదే కారణం. దీనికి తోడు నది యుగాల తరబడి తెచ్చి పోసిన ఒండ్రు వలన కృష్ణా ముఖద్వారం వద్ద సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. లోతైన సముద్రంలో గాలి నెట్టిన నీరు అడుగునుండి వెనుకకు మళ్ళగలదు. లోతు లేనిచోట దానికి ఆ దారి ఉండదు, పైకి లేచి ఒడ్డెక్కుతుంది. నది పాయలు, మురుగు కాలువలు ఆ నీటికి లోపలి ఊళ్ళకు దారి చూపాయి. దట్టమైన మడ అడవులు కెరటం వేగాన్ని కొంత తగ్గించగలవు. అవి పలచబడిన చోట ఆ ఆసరా కూడా ఉండదు.

ఇటువంటి ఉప్పెన ఈ తీరానికి మొదటిది కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం, పరిసర ప్రాంతాలలో సుమారు 30 వేల మంది మరణించారు. ఒకప్పుడు డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు పోటీపడిన ఆ రేవు పట్టణం మరల పూర్వవైభవానికి రాలేదు. 113 సంవత్సరాలంటే నాలుగైదు తరాలు. 1977లో బ్రతికి ఉన్నవారిలో అటువంటి నీటిని కళ్ళారా చూసినవారు లేరు.

హెచ్చరికలు

హెచ్చరికలు లేవనడం సరికాదు. తుపాను రాబోతున్నదని వాతావరణ శాఖ తెలిపింది, రేడియో ప్రసారం చేసింది. అయినా అంత ప్రాణనష్టం ఎందుకు జరిగిందన్నది ఈ సంఘటనలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న.

దేశంలో మొదటి తుపాను రాడార్ 1970లో విశాఖపట్నంలో నెలకొన్నది. మచిలీపట్నంలో అప్పటికి రాడార్ లేదు. తీరం దాటే చోటును చాలా ముందుగా, కచ్చితంగా చెప్పగల సాధనాలు అప్పట్లో తక్కువ. తుపాను దిశ మార్చుకోవడం వలన వ్యవధి మరింత తగ్గింది. ఇది ఒక భాగం మాత్రమే. హెచ్చరికలలో గాలి వేగం, భారీ వర్షం ప్రధానంగా వినిపించేవి. తమ ఊరి మీదికి మనిషి ఎత్తుకు రెండు మూడింతల నీరు వస్తుందని పల్లెలో వినేవాడికి వాటివలన తెలియదు. తుపాను అంటే ఏటా వచ్చే గాలివాన. అందుకు ఇంట్లోనే ఉండటం తెలివైన పని. ఉప్పెనకు ఇల్లు వదలిపోవడం ఒక్కటే మార్గం. ఈ రెండు జాగ్రత్తలూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనవి. ప్రజలు మొదటిది పాటించారు.

వెళ్ళాలనుకున్నా ఎక్కడికి వెళ్ళడం? 1969లో కోస్తాను తుపానులు తాకిన తరువాత నియమించిన నిపుణుల సంఘం 1971లో నివేదిక ఇచ్చింది. తీరగ్రామాలకు సమాచార సౌకర్యాలు, రోడ్లు, ఆశ్రయ భవనాలు, చెట్ల పెంపకం వంటి విషయాలు అందులో ఉన్నాయి. 1977 నవంబరులో దివిసీమ తీరగ్రామాలవారికి దగ్గరలో చెప్పుకోదగిన తుపాను ఆశ్రయాలు లేవు. బడి, గుడి, చర్చి, రైతుల మేడలే దిక్కయ్యాయి. పక్కా ఇల్లు ఉన్నవారికి, లేనివారికి మరణావకాశంలో ఉన్న తేడా ఈ ఉప్పెనలో స్పష్టంగా కనిపించింది. కృష్ణా డెల్టాను అధ్యయనం చేసి పీటర్ వించెస్టర్ 1992లో ప్రచురించిన గ్రంథం ప్రధానంగా ఈ అంశాన్నే చర్చించింది. ప్రమాదం అందరికీ ఒకటే అయినా దానికి గురయ్యే స్థితి ఆస్తిని బట్టి, వృత్తిని బట్టి మారుతుందన్నది అందులోని వాదన. పల్లెకారులు, యానాదులు, వ్యవసాయ కూలీలు సముద్రానికి, పాయలకు దగ్గరగా గుడిసెలలో ఉండేవారు.

మృతుల సంఖ్య

ఈ ఉప్పెనలో ఎందరు మరణించారన్నదానికి ఏకాభిప్రాయం ఉన్న సమాధానం లేదు. వాతావరణ శాఖ పట్టికలలో సుమారు 10,000 అని ఉన్నది. అంతర్జాతీయ విపత్తుల జాబితాలలో 14,204 అనే సంఖ్య కనిపిస్తుంది. అనధికార అంచనాలు 50,000 వరకు పోయాయి. ఇళ్ళు కోల్పోయినవారు లక్షలలో ఉన్నారు. సుమారు వంద గ్రామాలు కొట్టుకొనిపోవడమో, నీటి మధ్య చిక్కుకొనిపోవడమో జరిగింది. ఆస్తి, పంటల నష్టాన్ని సుమారు 350 కోట్ల రూపాయలుగా లెక్కించారు.

14,204 అనే సంఖ్యలోని కచ్చితత్వాన్ని చూసి అది తలతలనూ లెక్కపెట్టి తేల్చినదని భావించకూడదు. శవాలు చాలావరకు సముద్రంలోకి, పాయలలోకి, మడ అడవులలోకి పోయాయి. దొరికినవాటిని అంటువ్యాధుల భయంతో గుర్తింపు కోసం ఆగకుండా సామూహికంగా దహనం చేయవలసి వచ్చింది, లేదా పూడ్చవలసి వచ్చింది. కుటుంబం మొత్తం పోయినచోట ఫలానావారు కనబడటం లేదని చెప్పడానికి మనిషి మిగలలేదు. కోతల కాలం కావడం వలన పొరుగు ప్రాంతాల నుండి కూలికి వచ్చినవారు కూడా దీవిలో ఉన్నారు. వారి పేర్లు ఆ గ్రామాల ఓటర్ల జాబితాలోగాని, రేషను కార్డులలోగాని ఉండవు. చిన్నపిల్లలు అసలే ఓటర్ల జాబితాకు ఎక్కరు. ఈ కారణాలన్నీ అసలు సంఖ్యను అధికారిక లెక్కకంటె పెంచేవే గాని తగ్గించేవి కావు. అయినంత మాత్రాన 50,000 అన్నది నిరూపితమైనట్లు కాదు. లెక్క దాచారన్న ఆరోపణలు, ఖండనలు అప్పట్లో వెలువడ్డాయి. కేంద్రంలో, రాష్ట్రంలో వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఉండటం, శాసనసభ ఎన్నికలు దగ్గరపడటం వాటికి దోహదం చేశాయి.

సహాయ కార్యక్రమాలు

నీరు తీసిన తరువాత మొదటి అవసరం మంచినీరు. దివిసీమలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. త్రాగునీటికి కాలువ నీటితో నింపుకొనే ఊరచెరువులే ఆధారం. ఉప్పెన ఆ చెరువులనన్నిటినీ ఉప్పునీటితోను, పశువుల కళేబరాలతోను నింపింది. చుట్టూ నీరుండి గుక్కెడు త్రాగడానికి లేని స్థితి అది. శవాలను, కళేబరాలను తొలగించడం రెండవది. ఈ పనికి చేయి వేయడానికి ముందుకు వచ్చేవారు తక్కువ. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘం కార్యకర్తలు ఈ పనిలో చేసిన శ్రమను వారితో రాజకీయంగా విభేదించినవారు కూడా గుర్తించారు. రామకృష్ణ మిషన్, క్రైస్తవ సేవాసంస్థలు, గాంధేయవాదులు, విద్యార్థులు, వైద్యులు, కమ్యూనిస్టు పార్టీల కార్యకర్తలు తమ తమ శిబిరాలు నడిపారు. మండలి వెంకటకృష్ణారావు దివిసీమ పునర్నిర్మాణాన్నే తన ప్రధాన కార్యంగా చేసుకున్నారు. 1997లో ఆయన మరణించే వరకు ఆయన పేరు దానితోనే ముడిపడి ఉన్నది.

ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఇతర నటీనటులు మద్రాసు నుండి వచ్చి ఊరూరా జోలె పట్టి విరాళాలు సేకరించారు. ఆ ఏటి ఆరంభంలో తెరమీద దానకర్ణుడుగా జేజేలు అందుకున్న నటుడు సంవత్సరాంతానికి తన సొంత జిల్లా కోసం వీధులలో చేయి చాచడం ప్రజల మనస్సులో నాటుకున్నది. 1982లో ఆయన తెలుగుదేశం పార్టీ స్థాపించి, 1983లో గుడివాడ నుండి కూడా శాసనసభకు గెలిచారు. ఉప్పెన నాటి యాత్రలు ఆయనను ప్రజలకు దగ్గర చేశాయని చెప్పేవారున్నారు. రాజకీయ ప్రవేశానికి అదే కారణమనడం మాత్రం అతిశయోక్తి అవుతుంది.

సహాయం ఎవరికి, ఎలా చేరిందన్న విషయం మీద స్టీఫెన్ కోహెన్, సి.వి. రాఘవులు కలిసి వ్రాసిన గ్రంథం 1979లో వెలువడింది. సామూహిక మరణం ఎదురైనపుడు మనుషులు, ప్రభుత్వ యంత్రాంగం ఎలా ప్రవర్తిస్తారన్నది దాని విషయం. దివిసీమపై ఆసక్తి గల విద్యార్థులు తప్పక చూడదగినది.

తదనంతర పరిణామాలు

ఉప్పునీరు నిలిచిన పొలాలు మరల సాగుకు రావడానికి వానలు, కాలువ నీరు ఉప్పును కడిగివేయవలసి వచ్చింది. ఎద్దులు పోయిన రైతుకు దుక్కి దున్నడమే సమస్య అయింది. పడవలు, వలలు పోయిన పల్లెకారుల పరిస్థితి ఇంకా కష్టం. స్వచ్ఛంద సంస్థలు కొన్ని గ్రామాలను కొత్తగా నిర్మించాయి. మూలపాలెం వద్ద వెలసిన దీనదయాళ్‌పురం అటువంటిది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. తీరం వెంబడి కాంక్రీటు స్తంభాల మీద తుపాను ఆశ్రయ భవనాలు లేచాయి. వాటిలో అనేకం మామూలు రోజులలో పాఠశాలలుగా ఉపయోగపడ్డాయి. ఈ ఏర్పాటు వలన భవనాన్ని కనిపెట్టుకొని ఉండేవారు ఎప్పుడూ ఉంటారు, పిల్లలకు అక్కడికి దారి కూడా తెలిసి ఉంటుంది. మచిలీపట్నంలో తుపాను రాడార్ కేంద్రం నెలకొన్నది. 2000ల దశకంలో దాని స్థానంలో డాప్లర్ రాడార్ వచ్చింది. 1980ల నుండి ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా తీరప్రాంతాలకు నేరుగా హెచ్చరికలు పంపే పద్ధతి అమలులోకి వచ్చింది.

వీటికి మొదటి పెద్ద పరీక్ష 1990 మే 9న ఎదురైంది. ఆనాడు 1977 నాటి తుపానుకు తీసిపోని తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ఈసారి లక్షలాది మందిని ముందుగానే లోపలి ప్రాంతాలకు, ఆశ్రయ భవనాలకు తరలించారు. మరణాలు వెయ్యికి లోపు ఉన్నాయి. ఆ తేడాకు హెచ్చరికలు, తరలింపు, భవనాలు ఎంత కారణమో, 1977ను చూసినవారు ఇళ్ళు వదలడానికి ఒప్పుకోవడం కూడా అంతే కారణం.

దివిసీమలో ఉప్పెన నీరు ఎంతవరకు వచ్చిందో అంతవరకు, అవనిగడ్డ సమీపంలో, మృతుల స్మారకంగా ఒక స్తూపం నిర్మించారు. ఏటా నవంబరు 19న అక్కడా, తీరగ్రామాలలోనూ నివాళులు అర్పిస్తారు.